ఏడో మగ్గం పదింటికి ఆగుతుంది

జూన్ 25, బుధవారం

ఈరోజు ఇల్లంతా నిశ్శబ్దం. పొద్దున నుంచి ఒక్క చప్పుడు లేదు. ఎంత హాయిగా ఉందో! నాలుగు రోజుల పని ఒక్క పూటలో లాగేశాను. యాప్‌లో సెలవుల సెట్టింగ్ కూడా అయిపోయింది. ఆదివారం సెలవు, మిగతా ఆరు రోజులూ పని. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

బెంగళూరు ఉద్యోగం మానేసి రేపటికి మూడు నెలలు.

మానేసి అని రాశాను. సరే, తీసేసి. నా డైరీలో కూడా అబద్ధం ఎందుకు? అయినా కొట్టేయను. మానేసి అనే ఉంచుతాను, చూడటానికి బాగుంది.

ఇంట్లో అందరికీ నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నట్టు లెక్క. రోజూ పదింటికి "మీటింగ్ నాయనా" అని చెప్పి తలుపేసుకుంటాను. అరగంట గోడ చూసి బయటికి వస్తాను. గోడకున్న బల్లితో ఈమధ్య బాగా పరిచయం.

అసలు లెక్క ఇది. శంకరన్న మా ఎమ్మిగనూరులో ముప్పై మగ్గాల సంఘానికి పెద్ద. మగ్గాల పని లెక్క చూసే నా యాప్‌ను శుక్రవారం నుంచి నెల రోజులు వాడి చూస్తానన్నాడు. నచ్చితే దాన్ని నడిపే పని నాకే ఇస్తారు. అప్పుడు నాయన దగ్గరికి దర్జాగా వెళ్లి, "ఇక్కడ పని దొరికింది, అందుకని బెంగళూరు ఉద్యోగం మానేశాను" అంటాను. జరిగింది అదే, కాస్త ముందూ వెనకా చేసి చెప్తాను, అంతే. నచ్చకపోతే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ సంగతి ఇప్పుడెందుకు?

జూన్ 26, గురువారం

శంకరన్న వచ్చాడు. "యాప్ మా ఫోన్లోకొస్తాది సరే. అది ఉండేది యాడ?" అన్నాడు.

"క్లౌడ్‌లో అన్నా."

సర్వర్లూ స్టోరేజీ అంటూ ఐదు నిమిషాలు మాట్లాడాను. చిక్కుపడిన నూలును చూసినట్టు చూశాడు. ఇట్లా కాదని, "మీ వాడి పెండ్లికి షామియానా కొన్నావా అన్నా?" అని అడిగాను.

"కొనేదేంది? అద్దెకు తెచ్చినాం."

"జనం ఎక్కువైతే?"

"ఫోన్ కొడితే ఇంకో రెండు తెచ్చి ఏసినారు. కుర్చీలు గూడా."

"పెండ్లయినాక?"

"పీక్కొని పోయినారు."

"క్లౌడ్ అంటే అదే అన్నా."

శంకరన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంతోటి దానికి బెంగుళూరులో నాలుగేండ్లు ఉంటివా?" అన్నాడు.

జూన్ 27, శుక్రవారం

బెంగళూరులో మా టీమ్‌కు ఒక మూఢనమ్మకం ఉండేది. శుక్రవారం ఏదీ డెప్లాయ్ చేయకూడదు, అంటే జనం వాడకంలోకి వదలకూడదు, పాడైతే శని, ఆదివారాలు బాగుచేస్తూ కూర్చోవాలి. అమ్మకేమో శుక్రవారం కంటే మంచిరోజు లేదు, కానీ పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. నేను పదకొండింటికి బటన్ నొక్కబోతుంటే వంటింట్లోంచి వచ్చేసింది.

"సర్వర్ ముంబైలో ఉందమ్మా. రాహుకాలం మనింట్లో కదా."

"ముంబైలో రాహువు లేడా?"

పన్నెండూ ఐదుకు నొక్కాను. అమ్మ ల్యాప్‌టాప్ మూతకు కుంకుమ పెట్టింది. ఇన్నాళ్లూ నా ఒక్కదాని దగ్గరే ఉన్న యాప్ ముంబై సర్వర్ ఎక్కి, అక్కణ్నుంచి ముప్పై ఫోన్లలోకి దిగింది. పొద్దున మగ్గం ఎక్కగానే 'మొదలు', ఆపితే 'ఆపు'. ఎవరి దగ్గర ఎంత పని ఉందో సంఘానికి తెలుస్తుంది. నడుస్తున్న మగ్గం నా తెర మీద పచ్చచుక్క.

నాయనది ఏడో నంబరు. భోంచేసి మగ్గం గుంతలోకి దిగుతూ, ఫోన్ దూరంగా పట్టుకుని, చూపుడువేలితో గట్టిగా అదిమాడు. ఏడో చుక్క పచ్చబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిద్ర చాలకనే.

జూన్ 29, ఆదివారం

ముప్పై మందికీ పొద్దున ఏడింటికి మెసేజ్ పోయింది: "ఈరోజు మీకు సెలవు. హాయిగా గడపండి."

తొమ్మిదింటికి సంఘంలో నేసే తిప్పేస్వామి అన్న ఫోన్. "ఏంది పాపా, ఎవరన్నా పెద్దోళ్లు పోయినారా? సెలవంటాంది."

ఎమ్మిగనూరులో ఏ మగ్గం ఆదివారం ఆగుతుంది? నేనేమో బెంగళూరు క్యాలెండర్ తెచ్చి ఇక్కడ తగిలించాను. సంతోషపడింది జోయల్ అన్న ఒక్కడే. చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా మా ఇంటికి వచ్చాడు. "ముప్పై మందిలో నా ఆదివారాన్ని గుర్తు పెట్టుకున్నది నీ యాప్ ఒకటే మా" అన్నాడు. నిజం చెప్పి ఆయన మనసు కష్టపెట్టలేదు.

జూన్ 30, సోమవారం

ఆదివారం సెలవు తీసేశాను. జోయల్ అన్నకు మాత్రం ఉంచాను. ఒక్కో మగ్గానికీ ఒక్కో సెట్టింగ్! ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. ఇది అందరికీ చెప్పడమే నా పొరపాటు. పొద్దున నుంచి గుమ్మం ముందు క్యూ.

కస్తూరమ్మవ్వకు అక్షరాలు పెద్దగా కావాలి, 'ఆపు' బటన్ ఎరుపు వద్దు. "ఎర్రగా కనపడితే నేనేదో తప్పు చేసినట్టుంటాది" అంది. పసుపు రంగు వేశాను. శంకరన్నకు తన పేరు అందరికంటే పైన ఉండాలి, కానీ తానే అడిగినట్టు ఎవరికీ తెలియకూడదు. తిప్పేస్వామి అన్నకు తన ఫోటో బదులు ఎద్దు ఫోటో కావాలి. ఎందుకని అడిగితే, "అది బాగా వస్తాది ఫోటోలో" అన్నాడు.

సాయంత్రం నాయన అడిగాడు. "అన్నీ అడిగినావా పాపా అందర్నీ?"

"అన్నీ అడిగినా నాయనా."

"పని గురించి అడిగినావు. ఆపేదాని గురించి గూడా అడిగినావా?"

"దానికే కదా బటన్ పెట్టినా" అన్నాను. పెద్దవాళ్లకు ఈ పద్ధతులు అర్థం కావడానికి టైం పడుతుంది.

జూలై 3, గురువారం

ఈరోజు చేసింది నా జీవితంలోకెల్లా గొప్ప డిజైన్. రాసి పెట్టుకోవాలి.

క్లౌడ్‌లో సర్వర్లను యాప్ పలకరిస్తూ ఉంటుంది. ఏ సర్వరైనా బదులు పలక్కపోతే అది పోయినట్టే లెక్క. దాని పని బతికున్న సర్వర్లకు పంచేస్తారు. మనిషి చెయ్యి పడక్కర్లేదు. అదే పద్ధతి మగ్గాలకు పెట్టాను. పదకొండు లోపల 'మొదలు' నొక్కకపోతే గుర్తుచేస్తూ ఒక మెసేజ్. పన్నెండుకు కూడా నొక్కలేదా, ఆ మగ్గం పని నడుస్తున్న మగ్గాలకు పోతుంది. ఎవరికైనా జ్వరమొచ్చినా ఆర్డరు ఆగదు.

ఆగిన మగ్గానికి వెళ్లే మెసేజ్ కూడా హుందాగా రాశాను: "మీ నుంచి స్పందన లేదు. మీ పనిని ఇతరులకు అప్పగించాము. ఇంతవరకు మీరు అందించిన సహకారానికి ధన్యవాదాలు."

ఎక్కడా తడుముకోలేదు, ఒక్క ఊపులో వచ్చేసింది. అంత బాగా ఎట్లా వచ్చిందో!

జూలై 8, మంగళవారం

'ఆపు' నొక్కితే కారణం రాసుకునే గడి పెట్టి వారమైంది. ఏ కారణాలు ఎక్కువో చూద్దామని ఈరోజు తెరిచాను. సరదాగా ఉంది. నూలు కండెలు అయిపోయినాయి. మనవరాలి చెవులు కుట్టిస్తాండాం. నడుము. నడుము. చుట్టాలు. జోయల్ అన్న: ప్రార్థన. తిప్పేస్వామి అన్న: ఊరికే.

ఏడో మగ్గం దగ్గరికి వచ్చాను.

10:00 ఆపు. కారణం: పాప మీటింగ్. 10:30 మొదలు.

రోజూ అంతే. ఒక్క రోజు తప్పలేదు.

నేను తలుపేసుకోగానే మగ్గం చప్పుడు ఆగిపోతుందని నాకు తెలియదా? తెలుసు. టీ తాగుతున్నాడులే అనుకున్నాను. అనుకోవడం సులువుగా ఉండింది. నా ఉత్తుత్తి మీటింగ్ కోసం ఆయన రోజుకు అరగంట చేతులు ముడుచుకుని కూర్చుంటున్నాడు. మార్చి చివరి నుంచీ.

జూలై 9, బుధవారం

10:00 ఆపు. పాప మీటింగ్. 10:30 మొదలు.

జూలై 10, గురువారం

అదే.

జూలై 11, శుక్రవారం

ఈరోజు మీటింగ్ పది నిమిషాల్లో ముగించేశాను. బయటికి వచ్చి, "క్లయింట్ తొందరలో ఉన్నాడు నాయనా" అన్నాను. లేని క్లయింట్‌కు తొందర కూడా తగిలించాను. నాయన గుంతలోంచి తలెత్తి, "పాపం, ఏం పని పడిందో ఏమో" అన్నాడు.

నిజం చెప్పేస్తే పోలేదా? చెప్తాను. ఇంకో పదహారు రోజులు. సంఘం సరే అననీ.

జూలై 16, బుధవారం

శ్వేత నాతో చదువుకుంది. ఆదోనిలో వాళ్ల బట్టల అంగడి ఇప్పుడు తనే చూసుకుంటోంది. ఒక కళ్యాణ మండపం కోసం పన్నెండు వందల తువ్వాళ్లు కావాలని మా సంఘానికి ఆర్డరిచ్చింది. నెలాఖరుకు అందాలి. యాప్ ఒక్క నిమిషంలో మగ్గానికి నలభై చొప్పున పంచేసింది. శంకరన్న నోరు తెరిచాడు. ఇంతకు ముందైతే ఈ పంపకానికి రెండు రోజులు, మూడు పోట్లాటలు.

జూలై 18, శుక్రవారం

తిప్పేస్వామి అన్నకు జ్వరం. పన్నెండింటికి ఆయన తువ్వాళ్లు మిగతా వాళ్లకు వాటంతట అవే వెళ్లిపోయాయి. నేను చూశాను. నేను వేలు కూడా కదపలేదు! సంఘం ఆఫీసులో శంకరన్న, "మన భవాని మొగ్గాలకు గూడా బుద్ధి నేర్పింది" అన్నాడట. అమ్మ వచ్చి చెప్పింది.

సాయంత్రం తిప్పేస్వామి అన్న ఫోన్ చేశాడు. "జొరంతో పండుకుంటే ధన్యవాదాలని వచ్చింది పాపా. ఏంటికి?"

"మర్యాద అన్నా."

"ఓహో. నేనేమో భయపడితి."

జూలై 23, బుధవారం. ఆదోని, శ్వేత ఇల్లు

రేపు పదకొండున్నరకు శ్వేత అంగట్లో నా యాప్ చూపించాలి. ఇక్కడి మగ్గాల వాళ్లు కూడా వస్తున్నారు. వీళ్లూ చేరితే ఆదివారం సంఘం మీటింగులో నాకు తిరుగే లేదు.

రేపే బయల్దేరదామనుకున్నాను గానీ అమ్మ ఒప్పుకోలేదు. "రేపు అమావాస్య. గడప దాటొద్దు" అంది. అందుకని ఈరోజే వచ్చేశాను. అమ్మ నమ్మకాన్ని అమ్మ నమ్మకంతోనే కొట్టాను. తెలివంటే ఇట్లా ఉండాలి.

జూలై 24, గురువారం

ఎక్కడ మొదలుపెట్టను?

పదకొండున్నరకు శ్వేత అంగట్లో గోడ మీద తెర. ముందు ఎనిమిది మంది. ముప్పై చుక్కలు చూపించి గొప్పలు పోదామనుకుంటే, ఒక్కటే పచ్చగా ఉంది. మిగతావి బూడిద రంగు, అంటే ఇంకా మొదలుపెట్టలేదని. "నెట్ నిదానంగా ఉంది" అన్నాను. నవ్వాను కూడా. సర్వర్ మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే. పన్నెండు కొట్టింది. ఒకటో చుక్క ఎర్రబడింది, తర్వాత రెండోది, మూడోది. అందరూ చూస్తుండగా వరసగా ఇరవై తొమ్మిది చుక్కలు ఎర్రబడ్డాయి. ముందు వరసలో ఉన్న పెద్దాయన, "ఇది బాగుండాదే, దీపావళి మాదిరి" అన్నాడు.

నేను సర్వర్ రికార్డుల్లో తప్పు వెతుకుతున్నాను. శ్వేత నా భుజం మీద తట్టింది.

"భవానీ, ఈరోజు అమావాస్య గదే."

"అయితే?"

"అయితే ఏందే? అమావాస్య నాడు మగ్గం ఎవరు ఎక్కుతారు? బట్టలు అమ్మేదాన్ని నాకే తెలుసే. నేసే ఇంట్లో పుట్టినదానివి, నీకు తెలీదా?"

తెలుసు. ఎందుకు తెలియదు? అమావాస్య రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, నేత ముట్టుకోరు. చిన్నప్పుడు ఆ రోజే నాయన పొద్దంతా ఇంట్లో మాతో ఆడుకునేవాడు. ఊపిరి పీల్చడం ఎవరూ సెట్టింగ్‌లో రాయరు కదా, ఇదీ నాకు అట్లాగే రాయాలని తట్టలేదు. పోయిన నెల నిశ్శబ్దంగా ఉందని మురిసిపోతూ పని చేసుకున్నానే, జూన్ 25, అదీ అమావాస్యే. ఇప్పుడు వెనక్కి తిప్పి చూశాను. ఆ నిశ్శబ్దంలోనే కూర్చుని 'ఆదివారం సెలవు' అని పెట్టాను. నాకంటే బల్లి నయం.

పచ్చగా మిగిలిన ఆ ఒక్క చుక్క ఎవరిదో వేరే చెప్పాలా? ఫోన్ మోగింది.

"భవానీ, ఊరందరి టవాల్లూ నాకే వచ్చి పడినాయి మా" అన్నాడు జోయల్ అన్న. గొంతు నీరసంగా ఉంది. "ఎనిమిది వందల ముప్పై. నేను ఇంకో జన్మెత్తినా కాదు. మా వాళ్లల్లో ఇంకో జన్మ గూడా లేదు."

పనిని వెనక్కి మార్చేశాను, ఐదు నిమిషాలు పట్టింది. పోయిన మెసేజ్‌లను మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరదు. గడప దాటొద్దన్న రోజున ఎండలో బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. అరుగంతా జనం. పనిలేని రోజు కదా, పోట్లాటకు అందరికీ తీరిక దొరికింది. అమ్మ రెండో విడత టీ పోస్తోంది. కస్తూరమ్మవ్వ ఫోన్‌ను కొంగులో చుట్టి పట్టుకుంది. నన్ను చూడగానే విప్పింది.

"నా మనవరాలు సదివింది. మళ్లీ సదువు అన్నా. మళ్లీ అదే సదివింది. నలభై రెండేండ్లు నేసినానే. మొగుడు పోయిన నెలలో గూడా నేసినా. ఇంతవరకు చాలు, ధన్యవాదాలు అని నాకు సెప్పేదానికి నువ్వెవరే?"

"అట్ల కాదవ్వా, అది మిషన్ పంపింది."

"మిషన్‌కు మాటలు యాడివి? ఎవరో ఒకరు రాసింటారు గదా."

తిప్పేస్వామి అన్న గొంతు కలిపాడు. "నేను ఆ పొద్దే సెప్తి, ధన్యవాదాలంటే భయమైతాంది అని." శంకరన్న కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. "ఆదివారం మాట్లాడదాం, పొండి" అన్నాడు. నా వైపు చూడలేదు. అందరూ వెళ్లారు. ఇక ఈ యాప్ పని అయిపోయినట్టే అనుకున్నాను.

నాయన మాత్రం లోపలి గదిలో, పసుపు రాసిన మగ్గం పక్కన కూర్చుని ఉన్నాడు. తన ఫోన్ నాకు ఇచ్చాడు. ఆయనకూ అదే మెసేజ్.

"ఇది నీ మాట కాదు పాపా" అన్నాడు. "నువ్వు ఇట్ల మాట్లాడవు. నీకెవరన్నా ఇట్ల సెప్పినారా?"

ఆయన పక్కన కూర్చున్నాను. మార్చి 26 పొద్దున పదింటికి నాకొచ్చిన మెయిల్ ఒక్కో పదం గుర్తొచ్చింది. మీ బాధ్యతలను ఇతరులకు అప్పగించాము. ఇంతవరకు మీరు అందించిన సహకారానికి ధన్యవాదాలు. తడుముకోకుండా ఎట్లా రాశానా అని మురిసిపోయాను! నేను రాయనే లేదు. నన్ను తీసేసిన ఉత్తరాన్ని తెలుగులోకి దించి, ఇరవై తొమ్మిది మందికి, అందులో మా నాయనకు పంపాను.

ఏడ్చాను. బాగా ఏడ్చాను. "ఉద్యోగం పోయింది నాయనా. మానలేదు. తీసేసినారు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"మీటింగని నువ్వు తలుపేసుకుంటే, చప్పుడు నీకు అడ్డమైతాదని మొగ్గం ఆపితి. మొగ్గం ఆపినాక ఇల్లంతా వినపడుతాది గదా. నీ గొంతు మాత్రం వినపడలా. రెండో నాడే తెలిసింది."

"తెలిసి గూడా నాలుగు నెలలు ఎందుకు ఆపినావు?"

నాయన గడ్డం గోక్కున్నాడు. "నువ్వు మీటింగంటివి గదా. నువ్వు సెప్పేదాకా అది మీటింగే."

అమ్మ గుమ్మంలో నిలబడి, "అమావాస్య నాడు గడప దాటొద్దంటే వింటివా?" అంది. ఈ ఒక్క విషయంలో అమ్మే గెలిచింది.

జూలై 25, శుక్రవారం

ఈరోజు మీటింగ్ లేదు. పదింటికి తలుపు తీసే ఉంచాను.

పదింటికి మగ్గం ఆగింది! బయటికి పరుగెత్తాను. "అలవాటైపోయింది పాపా" అన్నాడు నాయన.

జూలై 26, శనివారం

కస్తూరమ్మవ్వ మగ్గం పక్కన పొద్దంతా కూర్చున్నాను. ఈసారి పని గురించి కాదు, ఆపడం గురించి అడిగాను. అమావాస్య ఒకటే కాదట. పడుగు అయిపోయి కొత్తది ఎక్కించే రోజు, ఇంట్లో పురుడు, మైల, ఊళ్లో దేవర జాతర, పక్కింట్లో ఎవరైనా పోయిన రోజు. నలభై రెండేళ్ల జాబితా ఆమె నోటికే ఉంది. రాసుకుని రాసుకుని వేళ్లు నొప్పి పుట్టాయి.

ఇప్పటిదాకా నా యాప్‌కు రెండే తెలుసు, నడిచేదీ పోయినదీ. ఈరోజు మూడోది పెట్టాను: విశ్రాంతి. దాని రంగు కూడా అవ్వే చెప్పింది, పసుపు కొమ్ము రంగు. ఇకమీదట మనిషి సరే అనందే ఎవరి పనీ ఎవరికీ పోదు. పాత మెసేజ్ తీసేశాను. కొత్తది అవ్వ చెప్తుంటే రాశాను: "ఏమప్పా, మొగ్గం ఆగినట్టుండాది. ఇంట్లో అందరూ బాగుండారా?"

"దీంట్లో ధన్యవాదాలు యాడ పెట్టేది అవ్వా?" అన్నాను.

నెత్తి మీద ఒకటి మొట్టింది.

జూలై 27, ఆదివారం

మీటింగ్ పదకొండింటికి అన్నారు. జోయల్ అన్న చర్చి నుంచి వచ్చేదాకా ఎవరూ మొదలుపెట్టలేదు. ఎనిమిది వందల తువ్వాళ్లు మోసినవాడు లేకుండా ఎట్లా అన్నాడు శంకరన్న. జోయల్ అన్న తెల్లచొక్కాలో రాజులాగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

నాయనకు నిజం తెలిసిపోయింది, ఇక ఇది ఏమైతే నాకేం అని రాత్రంతా చెప్పుకున్నాను. పొద్దున లేచేసరికి, కావాలనే ఉంది. చాలా కావాలని ఉంది. ఈ ముప్పై మగ్గాల మధ్యే ఉండాలని ఉంది.

లేచి నిలబడ్డాను. ఏం తప్పు చేశానో చెప్పాను. ఉద్యోగం పోయిందనీ చెప్పాను. తిప్పేస్వామి అన్న లేచి, "నీకూ ధన్యవాదాలు వచ్చినాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నాలుగు నెలల తర్వాత ఆ విషయానికి.

శంకరన్న గొంతు సవరించుకున్నాడు. "మొన్న నా పడుగులో ముప్పై పోగులు తెగినాయి. కూసోని అతికించుకుంటి. దీనిదీ అంతే. తప్పు సెప్పుకుంది, సరిజేసింది. యాప్ ఉంటాది. అయితే ఒకటి. భవాని నెలకొకసారి ఒక్కో మొగ్గం దగ్గర కూసోవాల. ఆడ కూసోకుండా ఈడ బటన్లు పెట్టొద్దు."

కస్తూరమ్మవ్వ చెయ్యెత్తింది. అందరూ ఎత్తారు. జోయల్ అన్న రెండు చేతులూ ఎత్తాడు.

జూలై 28, సోమవారం

పొద్దున తొమ్మిదిన్నరకు యాప్ తెరిచాను. ఒక అభ్యర్థన వచ్చి ఉంది. కొత్త మగ్గం చేర్చమని, ఏడో మగ్గం నుంచి.

మాకు రెండో మగ్గం ఎక్కడిది? ఏదో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కాడనుకున్నాను. తెరిచి చూశాను.

ముప్పై ఒకటో మగ్గం. పేరు: భవాని. స్థితి: విశ్రాంతి. ఎప్పటి నుంచి: మార్చి 26. కారణం గడిలో, ఒక్క వేలితో ఎంతసేపు కొట్టాడో, ఇట్లా ఉంది:

"ఆగింది అంతే. బాగానే ఉండాది."

మళ్లీ మళ్లీ చదివాను. తర్వాత 'అనుమతించు' నొక్కాను. పసుపు చుక్క ఒకటి చివర్లో వచ్చి చేరింది. గడియారం చూశాను. పది కావస్తోంది. నా చుక్క మీద వేలు పెట్టి 'మొదలు' నొక్కాను. గట్టిగా, నాయన లాగా.

మగ్గం గదిలో ఆయన ఫోన్ టింగుమంది.

పది కొట్టింది. మగ్గం ఆగలేదు.